ఒక్క ‘షో’కు ఎన్ని అర్థాలో!

ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు, మన దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే అక్షరం: షో. ఇంత చిన్న మాట మన ఇళ్లల్లో చేసే చాకిరీ ఇంతా అంతా కాదండీ. మీరే లెక్కపెట్టండి. సినిమాకు పోతే ఫస్ట్ షో, సెకండ్ షో. బండి కొనాలంటే షోరూం. హాల్లో షోకేసు, అందులో ఎప్పుడూ ఎవరికీ టీ పోయని కప్పులు. జాకెట్టుకు పెట్టేదీ తీసేదీ లేని షో బటన్. పండక్కి పేకాటకు కూర్చుంటే ముక్కలు కలిసినవాళ్లు ‘షో’ అని కింద పరుస్తారు. ఎన్నికలొస్తే రోడ్ షో. ఆఫీసులో తేడా వస్తే షోకాజ్ నోటీసు, అంటే కారణం చూపించమని.

షోకు కూడా ఈ షో పిల్లే అనుకుంటారు చాలామంది. కాదు. అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన షౌక్. ఇష్టం, సరదా అని అర్థం. నన్నడిగితే షోకు మన మనసు కోసం, షో నలుగురి కోసం.

ఇంకో సంగతి తెలిసి నాకు భలే ముచ్చటేసింది. పాత ఇంగ్లీషులో ఈ మాటకు మొదట ఉన్న అర్థం చూపించడం కాదట, చూడటం! జర్మన్ భాషలో దీని తోబుట్టువుకు ఇప్పటికీ చూడటమనే అర్థం. ఇంగ్లీషులోనే కొన్ని వందల ఏళ్ల కింద చూడటం కాస్తా చూపించడంగా మారిపోయింది. మన ‘చూపు’ మాత్రం రెండు పనులూ చేస్తుంది. కంటి చూపూ అదే, ‘ఏదీ, ఇటు చూపు’ అన్నా అదే.

చూపించడం మా ఎర్రవల్లి వాళ్లకు కొత్తేం కాదు. 2015 డిసెంబరులో అయుత చండీయాగం జరిగింది ఇక్కడే. మరుసటి ఏడాది దసరాకు మెదక్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చాం. ఆ డిసెంబరు 23న, కేసీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ఊళ్లో డబుల్ బెడ్రూం ఇళ్ల గృహప్రవేశాలయ్యాయి. 2020 మే నెలలో మర్కూక్ దగ్గర కొండపోచమ్మ సాగర్‌లోకి నీళ్లొచ్చాయి. చుట్టాలొస్తే ముందు ఇళ్ల వరసలు తిప్పి చూపిస్తాం, తర్వాత సాగర్ కట్ట మీదికి తీసుకెళ్తాం. ఊరిని చూపించడం సులువే. ఒంట్లో నొప్పిని చూపించడమే కష్టం, అందులోనూ ఆడవాళ్లకు.

ఎందుకంటే షోకు ఇంకో అర్థం ఉంది. ‘షో చేస్తుంది’ అంటారు చూడండి, అది.

నా మొదటి కాన్పప్పుడు నొప్పులు మొదలై దవాఖానకు పోయాం. నేను మూలుగుతుంటే వెంట వచ్చిన చుట్టపామె ఒకావిడ, ‘గింత నొప్పికే గంత షో చేస్తుందేంది?’ అన్నది. అప్పుడే నర్సమ్మ వచ్చి పరీక్ష చేసి, ‘షో కనిపించింది, లోపలికి తీసుకుపోవాలె’ అని కాగితం మీద రాసుకుంది. కాన్పు దగ్గరపడ్డప్పుడు గర్భసంచి మూతిని మూసి ఉంచిన జిగట కొంచెం రక్తంతో కలిసి బయటికి వస్తుంది. డాక్టర్లు దాన్ని షో అంటారు. ఒకే గదిలో, ఒకే మనిషి గురించి, ఇద్దరి నోటా అదే మాట! ఒకరి లెక్కలో నాది నాటకం, ఇంకొకరి లెక్కలో బిడ్డ వస్తోందనే గుర్తు. తేడా ఎక్కడుంది? నర్సమ్మ చూసింది, చుట్టపామె చూడలేదు. అంతే.

మా అత్తమ్మ మాత్రం ఆ మాట ఎన్నడూ పడని మనిషి. పడొద్దనే ఆమె పట్టుదల. కాలు బెణికినా కల్లాపి చల్లాల్సిందే, జ్వరమొచ్చినా చేనుకు పోవాల్సిందే. రెండేళ్ల కింద పత్తి ఏరే రోజుల్లో, ఒకనాడు పొద్దున్నే ముగ్గు వేస్తూ వేస్తూ సగంలో ఆపి గడప మీద కూర్చుంది. చలికాలం, అయినా నుదుటి మీద చెమట. ‘ఏమైంది అత్తమ్మా?’ అంటే, ‘ఏం లేదు బిడ్డా, గ్యాసు’ అన్నది. చెయ్యి మాత్రం దవడ కింద పెట్టుకుంది. ముగ్గు గీత వంకర పోయింది. నలభై ఏళ్లుగా ఆమె గీత వంకర పోయింది లేదు.

ఆటో పిలిచి గజ్వేల్ తీసుకెళ్లాం. ఈసీజీ తీశారు, వెంటనే హైదరాబాద్ పంపారు, స్టెంట్ వేశారు. గుండెపోటంటే గుండెలు పట్టుకుని పడిపోవడమే అనుకుంటాం కదా. ఆడవాళ్లలో ఆయాసం, వికారం, వీపు నొప్పి, దవడ నొప్పి, ఎక్కడలేని అలసట లాగా కూడా వస్తుందని, షుగరున్నవాళ్లకు ఒక్కోసారి నొప్పే తెలియదని డాక్టరుగారు చెప్పారు. అత్తమ్మకు షుగరుంది. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందమ్మా అని ఆయన అడిగితే, ‘మూడొద్దుల సంది’ అన్నది.

మా ఆయన మొహం చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక నెమ్మదిగా అడిగాను, ఎందుకు చెప్పలేదని. ‘మా అత్త కాలంల నొస్తుందంటే ఏషాలేస్తున్నవ్ అనేది. ఇప్పుడు మీరు షో అంటున్నరు. మాటనే మారింది బిడ్డా’ అన్నది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు. సినిమా షో, షోకేసు, షో బటన్ అన్నీ అనుకోవచ్చు. ఒంట్లో బాగాలేదన్న మనిషిని మాత్రం షో చేస్తున్నావనకూడదు. మా తెలంగాణలో డాక్టరు దగ్గరికి పోవడాన్ని చూపెట్టుకోవడం అంటాం. మనిషి తనంతట తాను చూపెట్టుకోవాలంటే చూసేవాళ్లున్నారని నమ్మకం ఉండాలి కదండీ.

అట్లని ఇంట్లో షోలు లేవని కాదు. మా చిన్నోడికి సరిగ్గా సోమవారం పొద్దునే కడుపునొప్పి వస్తుంది. అయినా సరే, ముందు చూడటం, తర్వాతే తీర్పు. ఆ డ్యూటీ అత్తమ్మదే. మొన్న వాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, నుదురు చూసి, నాలుక చూసి, కడుపు నాలుగు వైపులా నొక్కి చూసింది. ఆఖరికి నా వైపు తిరిగి, ‘ఇది లెక్కల పరీక్ష నొప్పి, టిఫిన్ డబ్బా కట్టు’ అన్నది.