లేపాక్షి బండల మీది జీవకోటి

హిందూపురం నుండి లేపాక్షికి సుమారు 15 కిలోమీటర్లు. దారి పొడవునా గుండ్రని గ్రానైటు బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపిస్తాయి. వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. యాత్రికులు సాధారణంగా 16వ శతాబ్దపు ఆలయాన్నీ, ఏకశిలలో మలచిన 27 అడుగుల నందినీ చూసి వెనుదిరుగుతారు. జూన్‌లో పిల్లలతో వెళ్లిన మేము ఊరి వెలుపలి బండల వైపు కూడా నడిచాము.

మా చిన్నవాడు పదునైన రాయితో బండపై పేరు చెక్కబోయాడు. వారించాను. “ఉత్త బండే కదా అబ్బా!” అన్నాడు. వాడి చేతి కింద బూడిదరంగు మచ్చలున్నాయి. అవి లైకెన్లు. శిలీంధ్రం నీడనిస్తుంది, నాచు సూర్యరశ్మితో ఆహారం వండుతుంది; రెండూ కలిసి ఒకే ప్రాణిలా బ్రతుకుతాయి. బండనంటుకొని పెరిగే లైకెన్లలో చాలావాటి ఎదుగుదల ఏడాదికి ఒక మిల్లీమీటరుకు మించదు. అరచేతి వెడల్పు మచ్చకు వాడి తాత వయస్సు ఉండవచ్చు! మన బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే అని చెబితే వాళ్లమ్మే ఆశ్చర్యపోయింది.

ఎదుటి బండపై ఒక మగ తొండ తల ఆడిస్తోంది. వీపు ఎర్రగా, పక్కలు నల్లగా మెరుస్తున్నాయి. జత కట్టే కాలంలో దానికీ రంగులు వస్తాయి; మరో మగ తొండ ఎదురైతే క్షణాల్లో మారిపోతాయి. ఆడ తొండ మాత్రం రాతి రంగులోనే దాగి ఉంటుంది.

ఇటువంటి రాతిగుట్టల పగుళ్లలో వేళ్లూనే కొండగోగు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకులన్నీ రాల్చి పసుపు పూలు పూస్తుంది. పసుపు గొంతు పిగిలిపిట్ట దక్షిణ భారతంలోని రాతికొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించదు. అది నేడు ముప్పును ఎదుర్కొంటున్న పక్షుల జాబితాలో ఉంది.

బండను బంజరుగా లెక్కగట్టి పేల్చినప్పుడు పోయేది రాయి ఒక్కటే కాదు. పగులులోని వేరు, నీడలోని గుడ్లు, తరాల తరబడి పరచుకున్న మచ్చ, అన్నీ పోతాయి. చెట్టును తిరిగి నాటగలం, కొండను నాటలేము. అది మన చేతికి అందిన అమానతు.

మీరూ లేపాక్షికి వెళితే ఒక అరగంట బండల దగ్గర నిశ్శబ్దంగా కూర్చోండి. మా వాడు తిరిగి వచ్చేముందు ఆ రాయిని తీసిన చోటే పెట్టాడు, “దీని కింద కూడా ఎవరైనా ఉంటారేమో” అంటూ.