ఒకసారి వచ్చింది కదా!

ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్ళీ పొయ్యదని పెద్దవాళ్ళంటారు. ఆ లెక్కే మనం అన్ని జబ్బులకీ వేసేస్తాం. ఎవరైనా ఓ పెద్ద జబ్బు పడి లేచిందంటే, ఆవిడ వాటా కష్టం అక్కడితో చెల్లిపోయిందని మన నమ్మకం. దేవుడి దగ్గర రసీదు పుచ్చుకున్నట్టే! కాని కేన్సర్ దగ్గర ఈ రసీదులు చెల్లవండీ.

మా ఆడపడుచుకి పంతొమ్మిదో ఏట, 1988లో, మెడ పక్కన బిళ్ళ కట్టింది. నొప్పీ గిప్పీ ఏం లేదు. తీరా చూస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా అన్నారు. లండన్‌లో గైస్ ఆసుపత్రి డాక్టరు థామస్ హాడ్జ్‌కిన్ 1832లో వర్ణించిన జబ్బు. గజ్జల్లో బిళ్ళలు కట్టాయంటామే, ఆ శోషరస గ్రంథుల్లో పుట్టే కేన్సర్ ఇది. మందులెక్కించారు, మెడకీ ఛాతీకీ కరెంటు పెట్టారు. ఆ మందుల్లో ఒకటైన విన్‌బ్లాస్టిన్ మన పెరటి బిళ్ళగన్నేరులోంచి తీసిందేనట! పిల్ల బతికింది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లల తల్లయింది.

2011లో రొమ్ములో గడ్డ తగిలింది. చుట్టాలందరిదీ ఒకటే మాట: “పాతదే తిరగబెట్టింది.” డాక్టరుగారు మటుకు కాదన్నారు. ముక్క తీసి పరీక్ష చేస్తే కణాలే వేరు. ఇది రొమ్ములో కొత్తగా పుట్టింది. పాతదానికి పిల్లా కాదు, మనవరాలూ కాదు. దీన్ని రెండో ప్రైమరీ అంటారట. అది విని మా ఆడపడుచు ఏమందో తెలుసా? “అయితే వదినా, మొదటిది నిజంగానే పోయిందన్న మాట!” ఇరవైమూడేళ్ళుగా ఆ పిల్ల గుండెల్లో ఏం పెట్టుకు తిరిగిందో నాకప్పుడు తెలిసింది.

మరి ఈ కొత్తది ఎందుకొచ్చినట్టు? ఛాతీకి పెట్టిన కరెంటు చెడ్డ కణాలతోబాటు పక్కనున్న మంచి కణాలనీ తాకుతుంది. చిన్న వయసులో అయితే ఆ దెబ్బ మరీ ఎక్కువ. పదీ పదిహేనేళ్ళకి గాని సాధారణంగా బయటపడదు. రొమ్ములో రావచ్చు, థైరాయిడ్‌లో రావచ్చు, ఊపిరితిత్తుల్లో రావచ్చు. పొగ తాగేవాళ్ళకి ఆ భయం ఇంకా హెచ్చు. కొన్ని పాత మందుల వల్ల రక్త కేన్సర్ కూడా వచ్చేది. అందుకే తరవాత మందులు మార్చారు, కరెంటు పెట్టే మేరా మోతాదూ తగ్గించారు. అలాగని ఆనాటి వైద్యాన్ని తిట్టుకోకూడదు. అది లేకపోతే ఈ ఇరవైమూడేళ్ళెక్కడివి?

1988లోనే ఒక పెద్దావిడ సలహా చెప్పింది: “పెళ్ళి కావలసిన పిల్ల. ఆ కాయితాలు భోగిమంటలో పడేసెయ్యండి.” మా అత్తగారు దారం ముక్కయినా పారెయ్యని మనిషి. ఆ ఫైలుని ట్రంకుపెట్టెలో, పట్టుచీరల కింద, పొలం దస్తావేజుల పక్కన పెట్టారు. సంబంధం కుదిరేటప్పుడు పెళ్ళివారికి తీసి చూపించారు కూడా.

2011లో ఆ ఫైలే ఆదుకుంది. ఒకసారి కరెంటు పెట్టిన చోట మళ్ళీ నిండుగా పెట్టడం చిక్కు గనక, గడ్డ మటుకు తీసి సరిపెట్టకుండా రొమ్ము మొత్తం తీశారు. డాక్సోరూబిసిన్ అనే మందు జన్మ మొత్తానికీ ఇంతే అని ఒక హద్దుందిట. దాటితే గుండెకి ముప్పు. వెనక ఎంత ఎక్కించారో ఆ ఫైల్లో ఉంది కాబట్టి, మిగిలిన లెక్క డాక్టరుగారు తేల్చుకోగలిగారు.

మామూలు ఆడవాళ్ళకి 40 దాటాక చేసే పరీక్షలు ఇలాంటివాళ్ళకి ముందే మొదలెట్టాలి. 10కీ 30కీ మధ్య వయసులో ఛాతీకి కరెంటు పెట్టించుకున్న ఆడపిల్లలకి, వైద్యమైన 8 ఏళ్ళకో 25వ ఏటో, ఏది వెనకైతే అప్పట్నించీ, ఏటేటా మామోగ్రామూ ఎమ్మారై స్కానూ తియ్యాలని వైద్యుల మాట. “ఎప్పటిదో జబ్బు, ఇప్పుడెందుకు తలుచుకోవడం, అపశకునం” అనుకునే ఇంట్లో ఈ పరీక్ష ఎవరికి గుర్తుంటుంది?

భోగిమంటలో వెయ్యడానికి విరిగిన కుర్చీలు బోలెడుంటాయి. మీ ఇంట్లో అలాంటి ఫైలుంటే మటుకు భద్రంగా దాచండి. పిల్ల అత్తవారింటికి వెళ్ళేటప్పుడు సారెతోబాటు పంపండి.