ఊపిరి ఆడని గేర్‌బాక్సు

గత రెండు వారములు మేము ఏమీ వ్రాయలేదు. కారణము మా జీపు.

అది 1968 నాటి మహీంద్రా జీపు. ప్రభువునందు నిద్రించిన ఒక పెద్దాయన పరిచర్య కొరకు ఇచ్చి వెళ్లారు. పల్లెలు తిరగడానికి, సండే స్కూలు పిల్లలను తీసుకురావడానికి అదే మాకు ఆధారము. ఏడాదిగా దాని కింద గేరాయిలు కారుతున్నది. మూడు సార్లు ఆయిల్ సీలు మార్పించాము, మూడు సార్లూ కానుకల డబ్బులతోనే. రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ నేల మీద నల్లటి మరక.

ఒక ఆదివారము ఆరాధన ముగిసింది. వెనుక నలుగురు పిల్లలు ఎక్కి కూర్చున్నారు. హ్యాండు బ్రేకు లాగి మేము దిగాము. జీపు వాలులో వెనక్కి జారి మందిరపు గోడకు తగిలి ఆగింది. దేవుని కృపను బట్టి ఎవరికీ దెబ్బ తగలలేదు. కానీ ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఒక సహోదరి నెలాఖరు కూటములో మూడు సార్లు అడిగింది: "అయ్యగారూ, మార్చినా మార్చినా కారుతున్నదంటే తప్పు సీలుది కాదేమో, ఇంకెవరికైనా చూపిద్దామా?" బండి సంగతి మేము చూసుకుంటాము, నువ్వు లెక్కలు చూసుకోమ్మా అన్నాము. తరువాత ఆ కూటమే మానేశాము.

మరునాడు కీసర, నాగారం, ఈసీఐఎల్ మీదుగా మెల్లగా సైనిక్‌పురి చేరాము. సైన్యములో పని చేసి వచ్చినవారు కట్టుకున్న కాలనీ అది. అక్కడ ఈఎంఈలో జీపులు బాగుచేసి రిటైరైన ఒక హవల్దారు ఉన్నారని తెలిసింది. ఆయన సీలును ముట్టుకోలేదు. ముందుగా హ్యాండు బ్రేకు చూపించారు. ఈ పాత జీపుల్లో అది చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో డ్రమ్ము ఉంటుంది. సీలులోంచి కారిన ఆయిలుకు లోపలి లైనర్లు నాని జారిపోతున్నాయి. ఆ సంగతి మాకు తెలియదు.

తరువాత ఫ్లోరు రేకు విప్పి పైన ఒక చిన్న మూత వంటిది చూపించారు. "ఇది బ్రీదర్, పాస్టర్ సాబ్. బండి నడిస్తే లోపల గాలి వేడెక్కి పెరుగుతది. ఇక్కడికెల్లి బయటికి పోవాలె. దీన్ని మూసేస్తే సీలు బిచారా ఏం జేస్తది? కిందికెల్లి ఆయిల్‌ను తోస్తది. దీని మీద రంగెవరు కొట్టిన్రు?"

మేమే. క్రిస్మసుకు జీపు అడుగంతా నల్లరంగు కొట్టించాము.

సెమినరీలో చదివే రోజుల్లో, హెబ్రీ భాషలో ఊపిరికి, ఆత్మకు ఒకటే మాట అని పరీక్షలో వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాము. ఆ షెడ్డులో స్టూలు మీద కూర్చుంటే అది గుర్తుకు వచ్చింది. ఆరు నెలలుగా ఐక్యతను గురించి గట్టిగా ప్రసంగిస్తున్నాము. రెండు కుటుంబాలు రావడము మానేశాయి.

ఆయన పని చూస్తూ కొంత నేర్చుకున్నాము. ఆయిలు దించకముందే పైన పోసే ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకోవాలి, ఊడకపోతే మళ్లీ ఎట్లా పోస్తారు? గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు పక్కపక్క ఇళ్ల వంటివి. ఒకదానిలోని ఆయిలు రెండవదానిలోకి పోతుంటుంది, కాబట్టి రెండింటినీ దించి, రెండింటిలోనూ ప్లగ్గు రంధ్రము అంచు వరకే పోయాలి. మేము తక్కువైందని తోచినప్పుడల్లా పోసినవాళ్లము. జీఎల్-4 రకమే అడగమన్నారు. జీఎల్-5లోని గంధకము మందు గేర్‌బాక్సులోని ఇత్తడి రింగులను తినేస్తుందట. సీలును స్ప్రింగు ఉన్న వైపు ఆయిలుకు ఎదురుగా ఉండేటట్లు బిగించారు. లైనర్లు కడిగితే పనికిరావని కొత్తవి వేశారు. బ్రీదరును పెట్రోలుతో కడిగి, సన్నటి తీగతో పొడిచి, నోటితో ఊది చూశారు. దానికి మాత్రము డబ్బులు తీసుకోలేదు.

రెండు వారములుగా జీపు కింద అట్టముక్క పరిచి చూస్తున్నాము. పొడిగానే ఉన్నది. వాలులో నిలబెట్టినా కదలడము లేదు.

మొన్న శనివారము నెలాఖరు కూటము మళ్లీ పెట్టాము. ఆ సహోదరి చివరి వరుసలో కూర్చున్నది. జరిగినదంతా దాచకుండా చెప్పి, తప్పు మాదేనన్నాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆమె సంచిలోంచి లెక్కల పుస్తకము తీసింది.

"ఆ నల్లరంగుకు ఎంతైంది అయ్యగారూ?"

ఎనిమిది వందలు అని చెప్పాము. ఆమె వ్రాసుకున్నది.