నల్లని తెర

కాజీపేట, విజయవాడల నడుమ నున్న మన నెక్కొండ స్టేషనునకు పోయి వచ్చు బాలబాలికలు సిగ్నలు దీపములను చూచియే యుందురు. ఎఱ్ఱదీపమున్న బండి ఆగును; పచ్చదీపమున్న సాగును. స్టేషను ముందరి దీపమే ఆరిపోయినచో డ్రైవరు ఏమి చేయవలెను? రైల్వే నియమము ప్రకారము అతడు దానిని ఎఱ్ఱదీపముగానే యెంచి బండిని నిలుపవలెను. దీపము కనబడలేదు గనుక దారి బాగున్నదని గాని, వంతెన కూలినదని గాని అతడు ఊహింపరాదు. నిలిచి, విచారించి, అనుమతి పొందిన పిమ్మట కదలవలెను. చీకటి యనగా వార్త అందలేదని మాత్రమే అర్థము.

ఈ సంగతి ఎంత విలువగలదో మాకు బాగుగా తెలిసినది, సైన్సు గదిలోని చిన్న కంప్యూటరు తెర నల్లబడిన నాడే. ఆ కంప్యూటరు పేరు రాస్ప్‌బెర్రీ పై. బడిపిల్లలకు తక్కువ ధరలో కంప్యూటరు అందవలెనను తలంపుతో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ మొదలగువారు దీనిని రూపొందించిరి. 2012వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన ఇది మొదటిసారి అమ్మకమునకు వచ్చెను. మా యొద్దనున్నది 2016లో వెలువడిన మూడవ తరపుది. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు, అరచేతిలో నిముడును. తెర, కీబోర్డు దీనికి వేరుగా తగిలింపవలెను. ఆన్ చేయుటకు మీట సైతము లేదు. కరెంటు తగిలిన తక్షణమే తనంత తాను మేల్కొనును. ఈ చివరి మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

సైన్సు ప్రదర్శనము ఎనిమిది దినములలో నుండగా, తొమ్మిదవ తరగతి బాలుడొకడు దాని యెదుట కూర్చుండి పత్తిచేని తేమను కనిపెట్టు ప్రోగ్రాము వ్రాయుచుండెను. అంతలో కరెంటు పోయెను. అరగంటకు తిరిగి వచ్చెను. బాలుడు మానిటరు మీట నొక్కెను గాని, తెర నల్లగానే యుండెను. "వీడే చెడగొట్టిండు" అని తోడి పిల్లలు కేకలు వేసిరి. సాయంకాలమునకు ఆ మాట బడి యంతట వ్యాపించి, వాని యింటికిని చేరెను. మఱునాడు ఉదయముననే, కౌలుకు పత్తి వేసికొని బ్రదుకు వాని తండ్రి, పొలము పని విడిచి వచ్చి, "సారూ, గది ఎంత ఖరీదైతదో చెప్పుండ్రి. పత్తి అమ్మినంక కడ్త" అని మా యెదుట నిలిచెను. ప్రక్కన బాలుడు తల యెత్తలేదు. ఏమి చెడినదో తెలియకమునుపే ఖరీదు కట్టరాదని చెప్పి ఆయనను పంపి, బాలుని మాత్రము మా యొద్ద నుంచుకొంటిమి.

ఆ దినము తరగతి యంతయు పరీక్షకు గూడెను. మేము పెట్టిన నియమములు రెండు. ఒకమారు ఒక్కదానినే మార్చవలెను. మార్చిన ఫలితమును వెంటనే పుస్తకములో వ్రాయవలెను. పుస్తకమును ఆ బాలునికే యిచ్చితిమి.

మొదట యంత్రముపై నున్న చిన్న దీపములను చూచితిమి. ఎఱ్ఱదీపము కరెంటునకు సాక్షి. ఈ యంత్రమునకు 5 వోల్టులు కావలెను, సుమారు 4.63 వోల్టులకు దిగిపోయినచో ఎఱ్ఱదీపము ఆరును, లేదా మినుకుమనును. మాది నిలుకడగా వెలుగుచుండెను. పచ్చదీపము మెమరీ కార్డునకు సాక్షి. అది నాలుగు మార్లో, ఏడు మార్లో లెక్క తప్పక మెఱసి, ఆగి, మరల అట్లే మెఱసినచో, ఆరంభమునకు వలయు ఫైలు కార్డులో దొరకలేదని గుర్తు. మాది లెక్క లేక మినుకుచుండెను. అనగా కార్డును చదువుచుండెను. తరువాత కీబోర్డుపై క్యాప్స్ లాక్ నొక్కగా దాని దీపము వెలిగెను. మరల నొక్కగా ఆరెను. తెర నల్లగానున్నను లోపల యంత్రము మెలకువతో నున్నదని అందఱికిని తెలిసెను. బాలుడు ఆ వాక్యమును వ్రాసి దాని క్రింద గీత గీసెను.

రెండవది మానిటరు. దానిని అదే తీగతో ఆఫీసు కంప్యూటరునకు తగిలింపగా బొమ్మ వచ్చెను. మానిటరు మంచిది, తీగయు మంచిది. మూడవది, మా యంత్రమును ఆ తీగతోనే మఱియొక గదిలో వెలుగుచున్న టెలివిజనునకు తగిలించితిమి. ఇంద్రధనుస్సు రంగుల చదరము తోచి, వెంటనే ముఖపటము వచ్చెను. మూడును మంచివే! అట్లయిన మూడును కలిసినప్పుడు చీకటి యేల? యంత్రమును తెచ్చి, అప్పటికే వెలుగుచున్న మానిటరునకు తగిలించి కరెంటు నిచ్చితిమి. తెరపై బొమ్మ నిలిచెను.

పిల్లలు చప్పట్లు కొట్టిరి. బాగైనది గదా, విడిచిపెట్టుదమనిరి. మేము ఒప్పుకొనలేదు. కారణము తెలియక కుదిరిన రోగము తిరుగబెట్టును. అంతేకాదు, అక్కడితో విడిచినచో "వాడు చెడగొట్టిండు, సారు బాగు చేసిండు" అను మాటయే బడిలో నిలిచిపోవును. అప్పుడు పుస్తకమును తిరుగవేయుచున్న బాలుడు మెల్లగా, "సార్, కరెంటు వచ్చినప్పుడు మానిటరు బంద్ ఉండె. నేను తర్వాత ఒత్తిన" అనెను.

వాని మాట చొప్పున మానిటరును ఆర్పి, యంత్రమునకు కరెంటు నిచ్చి, ఆ పిమ్మట మానిటరును వెలిగించితిమి. తెర నల్లగా నుండెను. మానిటరును ముందుగా వెలిగించి యంత్రమునకు కరెంటు నిచ్చితిమి. బొమ్మ వచ్చెను. మూడేసి మార్లు చేసితిమి. మూడు మార్లును అట్లే జరిగెను.

దీని మర్మ మిట్టిది. హెచ్.డి.ఎం.ఐ. తీగ కొనయందు 19 పిన్నులు కలవు. పందొమ్మిదవ పిన్ను గుండా తెర "నే నున్నాను" అని తెలుపును. వేరు పిన్నుల గుండా తాను చూపగల కొలతలను తెలుపును. యంత్రము మేల్కొనునప్పుడు ఆ జవాబు కొఱకు చూచును. జవాబు రానిచో, మా యంత్రములోని పాత సాఫ్ట్‌వేరు తెర లేదని తలచి, బొమ్మను పాతకాలపు టెలివిజను దారిలోనికి మరల్చును. కొన్ని తెరలు ఆరియున్నను జవాబిచ్చును. మా మానిటరు ఇయ్యదు. కరెంటు రాగానే యంత్రము తానుగా లేచెను. మానిటరు మాత్రము మీట నొక్కువఱకు లేవలేదు. బాలుడు నొక్కునప్పటికి బొమ్మ వేరు దారిన పోయియుండెను. ఏ వస్తువును చెడలేదు.

ఇట్టి సమయమున కార్డులోని కాన్ఫిగ్ ఫైలులో హెచ్.డి.ఎం.ఐ. ఫోర్స్ హాట్‌ప్లగ్ అను వరుసకు 1 అని వ్రాసినచో, జవాబు రాకున్నను బొమ్మ తెర వైపునకే పోవును. మేము అట్లే వ్రాయించితిమి. 2021లో వచ్చిన బుల్స్‌ఐ మొదలగు క్రొత్త సాఫ్ట్‌వేరునకు ఈ ఉపాయము చెల్లదు గనుక, తెరను ముందు వెలిగించుటయే అందఱికిని మేలు. 2019 నాటి నాలుగవ తరపు యంత్రమున్నవారు మఱియొకటి చూచుకొనవలెను. దానికి తెర తగిలించు రంధ్రములు రెండు. కరెంటు తీగకు దగ్గరగా నున్నదానిని వాడవలెను.

బాలుని తండ్రికి కబురంపి, కట్టవలసినది ఏమియు లేదని చెప్పితిమి. ప్రదర్శనములో బాలుడు తన ప్రోగ్రాముతోపాటు ఈ పరీక్ష పుస్తకమును గూడ బల్లపై నుంచెను.

తలిదండ్రులకు మా మనవి యొకటి కలదు. ఇంటిలో ఫోనో, టీవీయో, మోటారో పిల్లల చేతిలో నిలిచిపోయినప్పుడు, "ఏమి చెడగొట్టితివి?" అని యడుగక, "ముందేమి చేసితివి, తరువాత నేమి జరిగినది?" అని వరుసగా నడుగుడు. మాకు కావలసిన ఒక్క సంగతి మొదటి గడియ నుండియు ఆ బాలుని యొద్దనే యుండెను. భయము వాని నోరు కట్టినందున అది ఒక దినమంతయు మాకు అందలేదు.