తంగేడు పొదా, రేల చెట్టా: ఒక పల్లె నర్సరీలో ఒక పూట

మా చెల్లెలు హైదరాబాద్ శివారులో రెండు వందల గజాల్లో ఇల్లు కట్టుకుంది. గేటు పక్కన, ప్రహరీ లోపల కొంచెం మట్టి జాగా మిగిలింది. "పసుపు పూలు పూసే మన చెట్టేదైనా చెప్పు అన్నయ్యా" అని అడిగింది. నాకు వెంటనే రెండు పేర్లు తట్టాయి: తంగేడు, రేల. ఒకటి పొద, ఒకటి చెట్టు. రెండూ ఈ నేలవే, రెండూ పసుపు పూలే. ఏది చెప్పాలో తేల్చుకుందామని భాద్రపద మాసం చివర్లో ఒక ఉదయం వికారాబాద్ దాటి, అనంతగిరి గుట్టల అవతల ఉన్న ఒక గ్రామ పంచాయతీ నర్సరీకి వెళ్ళాను.

ఎర్రనేల, పైన ఆకుపచ్చ నీడవల, దాని కింద బెడ్లు బెడ్లుగా నల్ల కవర్లు. కానుగ, వేప, చింత, సీతాఫలం మొక్కలు వరుసగా ఉన్నాయి. నర్సరీ చూసుకునే అమ్మకు యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. పైపుతో నీళ్ళు పెడుతూనే అడిగింది.

"ఏం మొక్క గావాలె సారూ? పూలకా, నీడకా?"

"రెండింటికీ" అన్నాను.

"జాగ ఎంతుంది?"

ఎనిమిది అడుగుల వెడల్పు అని చెప్పాను. ఆమె పైపు కింద పెట్టి నన్ను వెనక గట్టు వైపు తీసుకెళ్ళింది. అక్కడ తంగేడు పొదలు విరగబూసి ఉన్నాయి. ఆ వెనకాలే ముదురు రేల చెట్టు. దానికి ఇప్పుడు పూత లేదు. మూరెడు పొడవు కాయలు కర్రల్లా వేలాడుతున్నాయి, కొన్ని ఆకుపచ్చగా, కొన్ని నిరుటివి నల్లగా. "ఇగ చూడు. ఇది నీ భుజం దాంక వస్తది. అది నీ ఇల్లు దాటుతది" అంది.

రెండూ దగ్గరి చుట్టాలే, చిక్కుడు కుటుంబానివి. వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం రెండింటినీ కాసియా అనే ఒకే ప్రజాతిలో ఉంచారు. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ పెద్ద గుంపును విడదీశారు. అప్పటినుంచి తంగేడు సెన్నా ఆరిక్యులేటా అయింది, రేల కాసియా ఫిస్టులాగానే ఉండిపోయింది. ఆరిక్యులేటా అంటే చెవులున్నది. తంగేడు రెమ్మ పట్టుకుని ఆకు మొదట్లో చూస్తే గుండ్రటి చెవి ఆకారంలో చిన్న రెక్కలు కనిపిస్తాయి. మొక్కను పోల్చుకోవడానికి అంతకన్నా తేలికైన గుర్తు లేదు.

ఆ గుర్తు కొనేవారికి అవసరం కూడా. సీమతంగేడు అని ఒక చెట్టుంది. రోడ్ల పక్కన, కాలేజీ ఆవరణల్లో విరివిగా నాటారు. అది పొద కాదు, పెద్ద చెట్టు. నర్సరీలో తంగేడు అని అడిగితే దాన్ని చేతికిచ్చే అవకాశం ఉంది. చెవులు చూసి తీసుకోవాలి.

పొదల దగ్గర కాసేపు నిలబడ్డాను. ఒక నల్ల తుమ్మెద పువ్వు మీద వాలి, కేసరాలను గట్టిగా పట్టుకుని ఝుమ్మని ఒళ్ళంతా అదిరించింది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, రేల పువ్వులోనూ ఉండదు. ఉన్నది పుప్పొడే. అది కేసరాల్లోని చిన్న రంధ్రంలోంచి రాలాలంటే ఇలా అదిరించే తుమ్మెద రావాలి. తేనె బొట్టు మాత్రం తంగేడు మరోచోట పెడుతుంది. ఆకు ఈనె మీద, జంట రెబ్బల మధ్య ఉన్న చిన్న గ్రంథుల్లో. వాటి కోసం చీమలు పైకీ కిందికీ తిరుగుతున్నాయి. రేల ఆకుకు ఈ గ్రంథులు లేవు. లేత పసుపు సీతాకోకచిలుకలకు మాత్రం రెండు ఆకులూ ఇష్టమే. వాటి మీద గుడ్లు పెడతాయి, గొంగళి పురుగులు ఆకు తింటాయి. ఇంట్లో నాటినవారు ఆ చిల్లులు చూసి మందు కొట్టకుండా ఉంటే చాలు, ఆకు మళ్ళీ వేస్తుంది.

నీడవల కిందికి వచ్చాక ఆమె ఒక నల్లటి రేలకాయను రాయి మీద కొట్టి పగలగొట్టింది. లోపల రూపాయి బిళ్ళలు పేర్చినట్టు అడ్డగోడలు, ప్రతి గదిలో జిగురు గుజ్జు, ఒక్కో గింజ. ఈ గుజ్జే ఆయుర్వేదంలో విరేచనానికి వాడే ఆరగ్వధం. అడవిలో ఎలుగుబంట్లు, నక్కలు, కోతులు దీన్ని తిని గింజల్ని దూరదూరాలకు చేరుస్తాయి. ఇక్కడ ఆ పని ఆమె చేస్తోంది.

"గింజ మస్తు గట్టిది సారూ. ఊకె మట్ల పెడితే మొలవది. మసలిన నీళ్ళు దించి అండ్ల ఏస్త, రాత్రంత ఉంచుత. తంగేడు గింజకు గూడ గంతే."

కవర్లో ఎర్రమట్టి, ఇసుక, చివికిన పేడ ఎరువు. మొలకెత్తాక రెండింటి దారులు వేరు. తంగేడు తొలి ఏడాదిలోనో, మరుసటి ఏడాదో పూత పడుతుంది. రేల నెమ్మది. పువ్వు చూడాలంటే ఐదారేళ్ళో, అంతకన్నా ఎక్కువో ఓపిక పట్టాలి. అయితే పూసిన రోజున దాన్ని మించిన చెట్టు లేదు. వేసవిలో ఆకు రాల్చి, అడుగు పొడవు గుత్తులతో కొమ్మ కొమ్మా బంగారు జల్లులా వేలాడుతుంది. కేరళలో విషు పండుగనాడు కళ్ళు తెరవగానే చూసే పువ్వు ఇదే. థాయిలాండ్‌కు జాతీయ పుష్పం కూడా.

తంగేడుకు అంత ఆర్భాటం లేదు. ఏడాదిలో ఎక్కువ కాలం పూస్తూనే ఉంటుంది, వానల తర్వాత మరీ విరివిగా. వేరు లోతుకు దిగుతుంది కాబట్టి కుదురుకున్నాక నీళ్ళ కోసం చూడదు. పశువులు సాధారణంగా ముట్టవు. కొమ్మ కత్తిరిస్తే గుబురుగా చిగురిస్తుంది. వెనకటికి దీని చెక్కతో తోళ్ళు ఊనేవారు, రొట్టను వరిమళ్ళలో తొక్కేవారు. 2014లో తెలంగాణ దీన్నే రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది.

"మరి తంగేడు మొక్కలు ఇంత తక్కువగా పెంచారేం?" అని అడిగాను.

"ఎవరు అడుగుతరు సారూ? తంగేడును ఎవరన్న నాటుతరా? బతుకమ్మకు చెర్వుకట్ట మీదికి వొయ్యి తెంపుకొచ్చుకునుడే. మా అమ్మ గట్లనే తెచ్చింది, నేను గట్లనే తెచ్చిన." కొంచెం ఆగి అంది: "ఇప్పుడు కట్ట కింద భూమంత ప్లాట్లు చేసిండ్రు. నా కోడలు పోయినేడు బజార్ల కొనుక్కొచ్చింది."

ఆ మాట విన్నాక నా చెల్లెలి ప్రశ్నకు జవాబు దొరికింది. రేలను నాటేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు, పార్కుల్లో, రోడ్ల మధ్య దాన్ని చూస్తూనే ఉన్నాం. తంగేడు మాత్రం తనంతట తాను మొలుస్తుందన్న ధీమాతో మనం దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. అది మొలిచే బీడు, గట్టు, చెరువుకట్ట ఒక్కొక్కటే సిమెంటు కిందికి పోతున్నాయి. దానికి మిగిలే చోటు ఇక మన ప్రహరీ లోపలే.

కనుక కొత్తగా ఇల్లు కట్టుకున్నవారికి నా మాట ఇది. ముందు జాగా కొలవండి. గేటు పక్కన ఐదారు అడుగులే ఉంటే, ఎండ బాగా పడితే, తంగేడు నాటండి. గోడకు మూడడుగులు వదిలితే చాలు. నీళ్ళు నిలిచే పల్లంలో మాత్రం వద్దు. పెరడు పెద్దదై, గోడలకు పది పదిహేను అడుగుల దూరం, పైన కరెంటు తీగలు లేని చోటు ఉంటే రేల నాటండి. వేసవిలో కొన్నాళ్ళు ఆకులేని చెట్టు చూడటానికి, రాలిన కాయలు ఏరడానికి సిద్ధపడండి. పిల్లలు ఆ కాయలు తినకుండా చూసుకోండి. బడికి, గుడికి, పంచాయతీ ఆవరణకు రేలను మించింది లేదు.

గట్టు మీది తంగేడును పెకలించి తెచ్చుకోకండి. లోతు వేరు తెగితే బతకదు. చలికాలంలో ఎండిన కాయలు గుప్పెడు తెచ్చుకుని, ఆ అమ్మ చెప్పినట్టు గింజల్ని వేడి నీళ్ళలో నానబెట్టి, కవర్లో మొలిపించి, తొలకరికి నేలలో దించండి.

ఆ రోజు రెండు తంగేడు మొక్కలతో చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఇద్దరం గేటుకు ఎడమ పక్కన గుంతలు తీసి నాటాం.