బడి నేర్పిన వ్యాకరణం

చాలాకాలం మా ఇంటి గోడమీద ఒక ఫోటో ఉండేది. అందులో మూడేళ్ల పిల్ల పట్టుపరికిణీ కట్టుకుని, పూలజడ వేసుకుని, కుర్చీమీద చెయ్యి ఆనించి నిలబడి ఉంటుంది. జడ ఎంత ముచ్చటగా కుట్టారో కనిపించాలని వెనక అద్దం పెట్టి తీశారు. ఆ పిల్లను నేనే. పుట్టువెంట్రుకలు తీయించకముందు మగపిల్లవాడికి ఇలా ముస్తాబు చేసి ఫోటో తీయించటం మా కృష్ణాడెల్టాలో చాలా ఇళ్లలో ఉన్న వేడుకే. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు సరిగదా, మా నాయనమ్మ వచ్చినవారందరికీ ఆ ఫోటో చూపించి మురిసిపోయేది.

నాకు ఎనిమిదో ఏడు వచ్చేసరికి ఆ ఫోటో గోడమీదినుంచి దిగింది. దింపించినవాణ్ని కూడా నేనే. నా తరగతి కుర్రాళ్లు ఇద్దరు మా ఇంటికి వచ్చి దాన్ని చూశారు. మర్నాటికల్లా బళ్లో నాకు కొత్తపేరు వచ్చింది. నేను ఏడ్చి, అన్నం మానేసి, ఫోటో తీయించేశాను. మూడో ఏట ముచ్చట అయినది ఎనిమిదో ఏట అవమానం ఎందుకయింది? ఈ మధ్యలో నా శరీరంలో వచ్చిన మార్పేమీ లేదు. వచ్చిన మార్పల్లా నేను బళ్లో చేరటమే.

బళ్లో మాకు ఆడతనం గురించీ, మగతనం గురించీ ఎవరూ పాఠం చెప్పలేదు. చెప్పనక్కర లేకుండానే నేర్చుకున్నాం. పొద్దున్నే గది ఊడ్చి, గుమ్మం ముందు ముగ్గు పెట్టటం ఆడపిల్లల వంతు. సుద్దముక్కల కోసం బజారుకు పోవటం, గంట కొట్టటం మగపిల్లల వంతు. అల్లరి చేసిన కుర్రవాణ్ని బెత్తంతో కొట్టినా లొంగకపోతే మేష్టారు వాణ్ని తీసుకుపోయి ఆడపిల్లల వరుసలో కూర్చోబెట్టేవారు. అంతకన్న పెద్ద శిక్ష మాకు తెలియదు. ఆడపిల్లల పక్కన కూర్చోవటం నామోషీ అని ఆ కుర్రవాడు నేర్చుకునేవాడు. అయితే, తాము ఏ తప్పూ చెయ్యకుండానే మరొకరికి శిక్షగా పనికివచ్చిన ఆ ఆడపిల్లలు ఏం నేర్చుకున్నారన్నది ఆ రోజుల్లో ఎవరికీ తట్టలేదు.

మా అక్క నాకన్న నాలుగేళ్లు పెద్దది. ఆమె చెట్లెక్కేది, కాలవలో ఈదేది, లెక్కల్లో ఊళ్లో ఎవరికీ తీసిపోయేది కాదు. ఊరు ఆమెకు మగరాయుడని పేరు పెట్టింది. ఆ మాటలో కొంత మెప్పు కూడా ఉండేది. కాని ఆమె పెద్దమనిషి అయిన నాటినుంచి మెప్పు పోయి మందలింపు మిగిలింది. అప్పట్లో హైస్కూలు లెక్కలు రెండు రకాలు: కాంపోజిట్ లెక్కలు, జనరల్ లెక్కలు. 1962లో అక్క తొమ్మిదో తరగతికి వచ్చినప్పుడు కాంపోజిట్ తీసుకుంటానన్నది. “ఇల్లు దిద్దుకునే పిల్లకు అవెందుకమ్మా?” అని ఆమె పేరును జనరల్‌లో రాసేశారు. దాంతో కాలేజీలో లెక్కలు చదువుకునే దారి మూసుకుపోయింది. ఆమె ఒకరోజు ఏడ్చి ఊరుకున్నది. ఆ తరువాత మూడేళ్లకు నేను కాంపోజిట్ తీసుకుంటే నాకు లెక్కలు చెప్పినది ఆమే!

విచిత్రమేమిటంటే సరిగా ఆ సంవత్సరాల్లోనే హంసా మెహతా అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఒకటి ఈ విషయమే పరిశీలించి, బాలురకూ బాలికలకూ వేరువేరు పాఠ్యక్రమాలు ఉండరాదని చెప్పింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ కూడా ఆ అభిప్రాయాన్నే బలపరిచింది. ఢిల్లీలో అచ్చయిన ఆ కాగితాలు మా బడి రిజిస్టరు దాకా రాలేదు.

మన సంఘానికి ఆడతనం మగవాడిలో కనిపిస్తే బొత్తిగా గిట్టదనుకోవటం కూడా పొరపాటే. స్థానం నరసింహారావు గారి సత్యభామను తెనాలిలో చూసిన సంగతి మా నాన్న జీవితాంతం చెప్పుకున్నాడు. ఆ మహానటుడికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. 1965 ప్రాంతంలో వేదాంతం సత్యనారాయణశర్మ గారి భామాకలాపం చూడటానికి మా ఊరివాళ్లు బళ్లు కట్టుకుని వెళ్లారు. ముందు వరుసలో కూర్చుని, సత్యభామ జడ తిప్పినప్పుడల్లా ‘ఆహా’ అన్నవారిలో మా మేష్టరొకరు. మరి రెండు రోజులకు ఆ మేష్టారే, నడక వయ్యారంగా ఉన్నదని ఒక కుర్రవాణ్ని గోడకుర్చీ వేయించారు. “ఆడంగి వెధవా, గాజులు తొడుక్కుంటావా?” అన్నారు. ఆయన దృష్టిలో ఈ రెంటికీ వైరుధ్యమేమీ లేదు. రంగు కడుక్కుంటే పోయే ఆడతనానికి చప్పట్లు కొట్టవచ్చు. కడుక్కున్నా పోని ఆడతనానికి బెత్తం.

చదువు ముగించి నేను కూడా మేష్టర్నయినాను. తెలుగు చెప్పాను. తెలుగు వ్యాకరణం చెప్పేవారందరికీ తెలిసిన విషయం ఒకటున్నది. ‘రాముడు వచ్చాడు’ అంటాం. ‘సీత వచ్చింది’, ‘ఆవు వచ్చింది’, ‘బండి వచ్చింది’ అంటాం. ఏకవచనంలో పురుషుడొక్కడే ఒక పక్క, స్త్రీతో సహా తక్కిన సృష్టి అంతా మరొక పక్క. బహువచనం వచ్చేసరికి స్త్రీ పశువులను వదిలి పురుషులతో చేరి ‘వచ్చారు’ అవుతుంది. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తు, మహతి, అమహత్తు అన్న విభజన దీన్ని గురించిందే. నేను ఈ పాఠం చెబుతుండగా ఒకసారి వెనక వరుసలోని అమ్మాయి లేచి, “ఒక్కళ్లం ఉంటే ఆవులతో జమ, గుంపుగా ఉంటే మనుషులమా, మేష్టారూ?” అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేను కూడా నవ్వి తరువాతి పాఠంలోకి పోయాను. ఆమె అడిగినదానికి జవాబు చెప్పలేదు.

అయితే తెలుగులో మరొక విశేషం కూడా ఉన్నది. ‘నేను వచ్చాను’ అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు. ‘నువ్వు వచ్చావు’లోనూ లేదు. హిందీవాడు తన రాకను గురించి తాను చెప్పుకునేటప్పుడు కూడా ఆడో మగో తేల్చి చెప్పాలి. మనకు అటువంటి నిర్బంధం లేదు. మరొకరు మనను గురించి చెప్పేటప్పుడే మనం ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అవుతాం. కాని భాష పూర్తిగా వదిలిపెట్టదు. ‘ఒరేయ్’, ‘ఏమే’ అన్న పిలుపుల్లో తేడా ఉన్నది. ‘నేనొక్కణ్నే’, ‘నేనొక్కదాన్నే’ అనవలసివచ్చిన చోట ఎవరికీ తప్పించుకునే దారి లేదు.

1991లో నా తొమ్మిదో తరగతిలో ఒక బిడ్డ ఉండేది. రిజిస్టరులో ఉన్నది మగపిల్లవాడి పేరే. తండ్రి తాపీపని చేసేవాడు. చక్కని దస్తూరీ, మెత్తని మాట. ఒకనాడు లైబ్రరీ పుస్తకాల పెట్టె తరగతిలో కనిపిస్తే, అంత బరువు ఎవరు తెచ్చారని అడిగాను. “నేనొక్కదాన్నే తెచ్చాను, మేష్టారూ,” అన్నది ఆ బిడ్డ.

తరగతి గొల్లుమన్నది. నేను నవ్వలేదు. బెత్తం తియ్యలేదు. అప్పటికి నేను అభ్యుదయవాదిని, పిల్లలను కొట్టటానికి వ్యతిరేకిని. అది కేవలం భాషాదోషం అన్నట్టు, “‘ఒక్కణ్నే’ అనాలి. వందసార్లు రాసుకురా,” అన్నాను. మర్నాడు ఆ బిడ్డ రాసుకు వచ్చింది. ఒకటి నుంచి వంద దాకా అంకెలు వేసి, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. నేను కింద సంతకం పెట్టాను.

ఆ రోజునుంచి మగపిల్లలకు కొత్త ఆట దొరికింది. బడి వదలగానే ఆ బిడ్డ వెనక నడుస్తూ ‘ఒక్కణ్నే, ఒక్కణ్నే’ అని పాడేవాళ్లు. నేను చూశాను. ఒకటి రెండుసార్లు కసిరాను కూడా. ఆ పాటకు మాటలు ఇచ్చినది నేనేనని మాత్రం అనుకోలేదు. సంక్రాంతి సెలవుల తరువాత ఆ బిడ్డ రాలేదు. వరసగా రానివారి పేర్లు తీసెయ్యాలన్న నిబంధన ప్రకారం ఎర్రసిరాతో ఆ పేరు కొట్టేసినవాణ్ని కూడా నేనే. తండ్రి ఒకసారి వచ్చి, “ఇంటి దగ్గరా ఉండటం లేదండీ, ఎటుపోయాడో తెలవదు,” అని చెప్పి వెళ్లిపోయాడు.

పెంపకమూ పరిస్థితులే మనిషిని తయారుచేస్తాయని మనం చెబుతూ ఉంటాం. అందులో చాలా నిజమున్నది. గది ఊడవటం ఎవరి పని, లెక్కలు ఎవరికి, ఏడుపు ఎవరికి, కోపం ఎవరికి అన్నవి పుట్టుకతో వచ్చినవి కావు. మా అక్కను జనరల్ లెక్కలకు పంపినది ఆమె మెదడు కాదు. కాని ఈ సూత్రాన్ని యాంత్రికంగా పట్టుకుంటే ఆ బిడ్డ విషయం అర్థం కాదు. అదే ఊరు, అదే బడి, మగపిల్లలందరికీ దొరికిన ఆ శిక్షణే ఆ బిడ్డకూ దొరికింది. శిక్షణే సర్వమూ అయితే నా వందసార్లు పనిచేసి ఉండవలసింది. పని చెయ్యలేదు. తాను ఎవరన్నది ఆ బిడ్డకు నేనూ నేర్పలేదు, మరెవరూ నేర్పలేదు. ఆ మాట పైకి అంటే ఏమవుతుందో మాత్రం నేర్పాను.

కొందరు మిత్రులు దీనికి ఒప్పుకోరు. కూలీ రేట్లు, భూమి, ఉద్యోగాలు ఇన్ని సమస్యలుండగా ఇది కొద్దిమంది వ్యక్తిగత సమస్య అంటారు. ఆర్థికవ్యవస్థ మారితే ఇదీ మారుతుందంటారు. స్త్రీ బానిసత్వానికీ సొంత ఆస్తికీ ఉన్న సంబంధాన్ని ఎంగెల్స్ 1884లోనే చర్చించాడు. కుటుంబంలో పనివిభజన ఆర్థిక విషయమేనని అప్పటినుంచీ మనం ఒప్పుకుంటూనే ఉన్నాం. మరి ఆ పనివిభజనకు రోజూ కవాతు చేయించే చోటు బడి కాదా? ఆ బిడ్డ సంగతే చూడండి. బడి పోయింది గనక చదువు పోయింది. చదువు పోయింది గనక పని దొరకలేదు. పని దొరకలేదు గనక పదిమంది ముందు చెయ్యి చాపవలసివచ్చింది. ఇందులో ఆర్థికం కానిది ఏమున్నది?

చట్టం చాలాకాలం మా మేష్టారి బెత్తం పక్షమే వహించింది. నైజాంలో 1919లో వచ్చిన చట్టం ఒకటి, హిజ్రాలు ఆడవేషంతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చెయ్యవచ్చునన్నది. నైజాం పోయినా ఆ చట్టం పుస్తకాల్లో ఉండిపోయింది. తెలంగాణా హైకోర్టు దాన్ని కొట్టివేసినది 2023లో. ఈలోగా 2014 ఏప్రిల్ 15న, తాను ఎవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బళ్ల సంగతి వచ్చేసరికి 2021లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఇటువంటి పిల్లలతో ఎలా మెలగాలో ఉపాధ్యాయులకు చెప్పే పుస్తకం ఒకటి తయారుచేసి బయటపెట్టింది. అభ్యంతరాలు వచ్చేసరికి కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకున్నది. కోర్టు ఒప్పుకున్న విషయం తరగతి గది గుమ్మం దాటటానికి ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

2017లో విజయవాడ బస్‌స్టాండులో కూర్చుని ఉండగా చీర కట్టుకున్న మనిషి ఒకరు వచ్చి, “బాగున్నారా, మేష్టారూ?” అన్నారు. నేను పోల్చుకోలేదు. ఊరి పేరు చెప్పి, తొమ్మిదో తరగతి అన్న తరువాత పోల్చుకున్నాను. చాలా ఏళ్లు రైళ్లలో అడుక్కున్నదట. ఇప్పుడు ఒక ఆరోగ్యకేంద్రంలో పని చేస్తున్నదట. ఎక్కడ ఉంటున్నావమ్మా అని అడిగాను.

“ఇక్కడే. నేనొక్కదాన్నే ఉంటున్నాను,” అని నా మొహంలోకి చూసింది.

క్షమించమని అడిగాను. “ఊరుకోండి, మేష్టారూ. అందరూ కొట్టారు. మీరు రాయించారు, అంతేగా,” అన్నది. నన్ను తేలిక పరచాలనే అన్నది. నాకు మాత్రం తేలిక కాలేదు. కొట్టిన దెబ్బను ఎవరైనా దెబ్బ అనే అంటారు. నేను కొట్టినదానికి వ్యాకరణం అని పేరు పెట్టుకున్నాను. అందువల్ల ఇరవయ్యారేళ్లు నాకు నొప్పి తెలియలేదు.

ఈ వ్యాసం చదివేవారిలో ఉపాధ్యాయులూ, రేపు ఉపాధ్యాయులు కాబోయేవారూ ఉంటారు. వారు చెయ్యగలిగినవి పెద్ద పనులేమీ కావు. గది ఊడ్చే వంతు అందరికీ వెయ్యవచ్చు. ఆడపిల్లల పక్కన కూర్చోబెట్టటం శిక్షల జాబితాలోంచి తీసెయ్యవచ్చు. ఒక బిడ్డ తనను గురించి తాను ఒక మాట అన్నప్పుడు దిద్దకుండా వినవచ్చు. ఏ పిల్లను గురించి చెప్పేటప్పుడయినా ‘వచ్చారు’ అనవచ్చు. మన భాషలో గౌరవమిచ్చి మాట్లాడే చోట క్రియకు ఆడా మగా లేదు. ఆ బహువచనాన్ని మనం పెద్దవాళ్లకూ, ఉన్నవాళ్లకూ దాచిపెట్టి, పిల్లలకూ, పేదలకూ ‘వాడు’, ‘అది’ మిగిల్చాం.

మా అక్క పోయిన తరువాత ఆమె పెట్టెలో నా పాత ఫోటో దొరికింది. నేను చింపేశాననుకున్నాను, ఆమె దాచింది. దాన్ని మళ్లీ గోడకు తగిలించాను. ఆ పిల్ల ఎవరని మా మనవరాలు అడిగితే నేనేనని చెప్పాను. “బాగున్నావు, తాతయ్యా,” అన్నది. ఆమె ఇంకా బళ్లో చేరలేదు.