మొగుడు కాని మొగుడు కాపురం చేసిన ఊరు

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగంలో, గరోన్ నది ఒడ్డున, తూలూజ్ నగరం ఉన్నది. ఎర్ర ఇటుక మేడల పట్నం. అక్కడినుంచి దక్షిణంగా 50 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేస్తే, లెజ్ అనే చిన్న యేటి పక్కన ఆర్తిగాట్ తగులుతుంది. చుట్టూ పొలాలు, మిట్టలు. మబ్బులేని రోజున దూరాన పిరనీస్ కొండల వరస. కొన్ని వందలమంది ఉండే పల్లె. పనిగట్టుకుని చూడవలసిన కోటలూ, శిల్పాలూ ఏమీ లేవు. అయినా 450 ఏళ్ళకు పైగా ఈ ఊరి పేరు లోకం నోట నానుతున్నదంటే, కారణం ఒక ఇంటి గుట్టు.

16వ శతాబ్దంలో, సముద్రతీరాన ఉన్న బాస్కు సీమనుంచి గేర్ అనే కుటుంబం ఇక్కడికి వలస వచ్చి, పెంకుల బట్టీ పెట్టి, పొలాలు సంపాదించి స్థితిపరులయినారు. కొడుకు మార్టిన్‌కు ఇక్కడి పిల్ల బెర్త్రాండ్‌ను చేసుకున్నారు. పెళ్ళినాటికి ఇద్దరూ పసివాళ్ళే. చాలాకాలం సంతానం లేదు. చేతబడి అన్నారు, చర్చిలో ప్రార్థనలు చేయించారు. చివరకు మగబిడ్డ పుట్టాడు. అంతలోనే, 1548లో, తండ్రి గాదెలో కాసిని గింజలు దొంగిలించాడని మాటపడి, మార్టిన్ ఆలుబిడ్డలను వదిలి చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఎనిమిదేళ్ళు కబురు లేదు. పాపం, బెర్త్రాండ్ అటు ముత్తయిదువా కాదు, ఇటు విధవా కాదు. భర్త పోయాడన్న రుజువు లేనిదే మారుమనువు కూడదు.

1556లో అతడు వచ్చాడు. నలుగురు అప్పచెల్లెళ్ళూ మా మార్టినే అన్నారు. పినతండ్రి పియేర్ సరేనన్నాడు. పాత సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంటే ఇక అనుమానమెందుకు? బెర్త్రాండ్ అతన్ని ఇంట్లోకి రానిచ్చింది. మూడేళ్ళు సఖ్యంగా కాపురం చేశారు. ఇద్దరాడపిల్లలు పుడితే ఒకతె దక్కింది.

గుట్టు బయటపడ్డది పడకటింట్లో కాదు, పద్దుల దగ్గర. తాను లేనినాటి ఆస్తి ఆదాయానికి లెక్క చెప్పమని అతడు పినతండ్రిని నిలదీశాడు. నిన్నటిదాకా అన్నకొడుకయినవాడు ఆ పినతండ్రికి మోసగాడైపోయాడు! దాయాదుల ధోరణి ఏ దేశంలోనయినా ఒకటే కాబోలు.

రియూ పట్నంలో విచారణ జరిగింది. సాక్షులు 150 మంది! చెప్పులు కుట్టేవాడు వచ్చి, వెనక మార్టిన్ పాదం కొలత 12, ఇతనిది 9 అన్నాడు. పైగా ఇతనికి బాస్కు మాటలు రావు. మరణశిక్ష వేస్తే తూలూజ్ పెద్దకోర్టుకు వెళ్ళాడు. అక్కడ జాన్ ద కొరాస్ అనే న్యాయాధికారి ఇతని మాట నమ్మేటట్టే ఉండగా, 1560లో కర్రకాలు తాటించుకుంటూ మరొకడు లోపలికి వచ్చాడు. అసలు మార్టిన్! యుద్ధంలో కాలు పోగొట్టుకున్నాడు. అప్పచెల్లెళ్ళు చూస్తూనే గుర్తుపట్టారు. బెర్త్రాండ్ కాళ్ళమీద పడి క్షమించమన్నది. అతను కరగలేదు, ఎవరు పొరబడినా పెళ్ళానికి తెలియదా అన్నాడు.

ఆ ఏడు సెప్టెంబరు 16న, ఆర్తిగాట్‌లో, ఆ ఇంటి ముందే, దొంగ మార్టిన్‌ను ఉరితీశారు. అసలు పేరు ఆర్నో. ప్రాణం పోయేముందు అతడు మార్టిన్‌ను కోరినదల్లా ఒకటే: ఆమెను బాధపెట్టవద్దని.

బెర్త్రాండ్‌కు నిజంగా తెలియదా? మన అహల్య కథలోనూ ఇదే చిక్కు. వాల్మీకి ఆమెకు తెలుసునన్నాడు. తరువాతివారు కొందరు తెలియదన్నారు. ఈ కథను దానియెల్ విన్య్ 1982లో చలనచిత్రంగా తీశాడు. దెపార్ద్యూ, నతాలీ బాయ్ ఆలుమగలుగా నటించారు. చిత్రానికి సాయపడిన అమెరికా చరిత్రకారిణి నతాలీ డేవిస్, మరుసటి ఏడు రాసిన పుస్తకంలో, బెర్త్రాండ్ తెలిసే ఒప్పుకున్నదని వాదించింది. నాకూ అదే నిజమనిపిస్తుంది. చెప్పులవాడికి తెలిసిన పాదం భార్యకు తెలియకపోతుందా?

కాని కోర్టులో ఆమె తనకు తెలియదనే చెప్పుకున్నది. న్యాయాధికారులు నమ్మారు. తల్లి అతన్ని భర్తేనని నమ్మింది గనుక ఆడపిల్ల ధర్మసంతానమేనని తీర్పు చెప్పి, ఆర్నో ఆస్తి ఆ పిల్లకే ఇప్పించారు. తెలుసునని ఒక్కమాట అని ఉంటే, ఆ పసిదానికి ఆర్తిగాట్‌లో పేరూ ఉండేది కాదు, గూడూ ఉండేది కాదు.